బావమరిది మీద అనుమానం

ఆ రోజుల్లో మా ఇంటికి ఒక తెలుగు సినిమా వచ్చిందంటే పెళ్లివారు వచ్చినంత హడావుడి. ఎనభైల నడిమి మాట. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అప్పుడప్పుడే తెరుస్తున్న ఇండియన్ షాపుల్లో హిందీ క్యాసెట్లు గోడ నిండా ఉండేవి. తెలుగువి కావాలంటే మాత్రం షాపు గుజరాతీ ఆయన్ని నెలల తరబడి బతిమాలాలి. చివరికి ఆయన ఒకటి తెప్పించి, ఇక్కడి టీవీల్లో ఆడేలా మార్పించి, ఆరు గంటల క్యాసెట్ మీదికి ఎక్కించి ఇచ్చేవాడు. దాన్ని తొమ్మిదిళ్ల తెలుగువాళ్లం వంతులేసుకుని చూసేవాళ్లం. తెప్పించినవాళ్లది మొదటి వంతు. ఆ తరువాత ఎవరిదో రాసి అమ్మ ఫ్రిజ్‌కి అంటించేది. (ఆ కాగితంలో తన పేరు ఆఖరున ఉందని ఒక ఆంటీ ఆరు నెలలు మా ఇంట్లో కాఫీ ముట్టలేదు.)

నాకప్పుడు పద్నాలుగేళ్లు. ఏడో ఏట ఈ దేశం వచ్చాను. నాన్న ఆదివారాలు ఎదురుగా కూర్చోబెట్టి దిద్దించబట్టి నాలుగు తెలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. ఇక్కడే పుట్టిన మా చెల్లి ఆ ఆదివారాలన్నీ కడుపునొప్పితో గడిపింది.

ఆ ఏడాది నాన్న తెప్పించింది ఒక క్రైమ్ సినిమా. పెద్ద కుటుంబం, పెద్ద వ్యాపారం, ఒక హత్య. ఇంట్లోవాళ్లే ఎవరో శత్రువుతో చేతులు కలిపి హీరోని నమ్మించి ద్రోహం చేశారు. ఎవరన్నదే కథంతా. అనుమానం తమ్ముడి మీద, వదిన మీద, బావమరిది మీద, ఎప్పటినుంచో ఉన్న కారు డ్రైవరు మీద సమానంగా పడేలా తీశారు. శుక్రవారం సాయంత్రం అమ్మానాన్నలు సోఫా అంచు మీద కూర్చుని చూస్తున్నారు. హీరో గొంతు చించుకుని, "నా ఇంటి అన్నం తిని నన్ను అమ్మిందెవరు? పేరు చెప్పు!" అని అరిచాడో లేదో ఇండియా నుంచి ఫోన్. అప్పట్లో ఇండియా ఫోన్ అంటే హీరో అయినా ఆగాల్సిందే. నాన్న సినిమా ఆపేశాడు, అమ్మ కళ్లు తుడుచుకుంటూ ఫోన్ దగ్గరికి పరిగెత్తింది. ఆ తరువాత ఫోన్‌లో ఎవరేమన్నారో చెప్పుకోవడంలోనే వాళ్ల సాయంత్రం గడిచిపోయింది.

మర్నాడు పొద్దున వాళ్లు కూరగాయలకు వెళ్లారు. టీవీలో నేను వారమంతా ఎదురుచూసిన డాన్స్ పోటీ మొదలవుతోంది, రికార్డ్ చేయకపోతే సోమవారం స్కూల్లో నాకు పరువుండదు. ఖాళీ క్యాసెట్లేమో నాన్న బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. వీసీఆర్‌లో ఈ సినిమా ఉంది. లెక్క కట్టాను. సినిమా రెండుంపావు గంటలు నడిచింది, అమ్మ ఏడ్చింది, నాన్న ఆపేశాడు. నేనెరిగిన ఇంగ్లీషు సినిమాలన్నీ రెండు గంటల్లో తట్టాబుట్టా సర్దేసేవి. కాబట్టి ఇదీ అయిపోయిందని తీర్మానించి, మిగిలిన ఖాళీ వృథా చేయడమెందుకని ఎర్ర బటన్ నొక్కాను. తెలుగు సినిమాకి రెండుంపావు గంటల తరువాత ఇంకో ముప్పావు గంట ఉంటుందని న్యూజెర్సీలో పెరుగుతున్న నా బుర్రకు తట్టలేదు.

పోటీ అయిపోయాక చెల్లి పాలల్లో సీరియల్ కలుపుకుని తింటూ తాపీగా అంది: "అక్కా, మూవీ అవ్వలేదు కదా. బ్యాడ్ గై ఎవరో ఇంకా చెప్పలేదు." "ఆ మాట ముందే చెప్పొచ్చుగా!" అన్నాను. "నువ్వు అడగలేదు," అంది. పిల్లలు డాన్స్ చేస్తూ కనబడితే దొరికిపోతాను కనుక, ఏమీ రాని ఛానల్ పెట్టి, ఆ పోటీ మీద చుక్కల తెర రికార్డ్ చేసి పెట్టాను. చెల్లి నోరు మూయించడానికి నా వంతు గిన్నెలతో పాటు దాని వంతువి కూడా కడగడానికి ఒప్పుకున్నాను.

సాయంత్రం మళ్లీ సినిమా పెట్టారు. హీరో "పేరు చెప్పు!" అన్నాడు, చుక్కలు వచ్చాయి. నాన్న కాసేపు చూశాడు, ముందుకు తిప్పాడు, ఇంకా చుక్కలే. "అదేంటండీ, అయిపోయిందా?" అంది అమ్మ. బతిమాలి తెప్పించిన మనిషి, క్యాసెట్ పాడైందని ఒప్పుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు. గొంతు సవరించుకుని, "ఇది కొత్త తరహా డైరెక్షన్. ద్రోహి ఎవరో మనమే ఆలోచించుకోవాలి," అన్నాడు. సోఫా వెనక నేను మొదటిసారి మా నాన్న తెలివికి దండం పెట్టుకున్నాను.

క్యాసెట్ ఇంటింటికీ తిరిగింది. నెల తిరిగేసరికి మా తొమ్మిదిళ్లూ రెండుగా చీలిపోయాయి. ఎక్కడికి వెళ్లినా తన నయాగరా ఫొటోల స్లైడ్స్ చూపించే స్లైడ్స్ అంకుల్, "ఇలాంటి సినిమా మనవాళ్లు తీయడం గర్వకారణమండీ, ఎండింగ్ లేకపోవడమే దాని గొప్పతనం," అన్నాడు. కాఫీ మానేసిన ఆంటీ, "గొప్పతనమా పాడా! రెండు గంటలకు పైగా కూర్చోబెట్టి మొహాన ఇసుక కొట్టాడు," అంది. అసలు గొడవ అది కాదు, ద్రోహి ఎవరన్నది. వదినగారితో పడని ఆంటీ వదినే అంది. తమ్ముడితో మాటల్లేని అంకుల్ తమ్ముడే అన్నాడు. తమ ఇళ్లలో చెప్పుకోలేనివన్నీ ఆ చుక్కల తెర మీద పెట్టి చెప్పుకున్నారు. నేను గిన్నెలు కడుగుతూ అన్నీ వింటూ లోలోపల తెగ మురిసిపోయాను.

ఆ మురిపెం ఒక శనివారం భోజనాల దగ్గర వదిలింది. మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, రెండు మైళ్ల దూరంలో అపార్ట్‌మెంట్‌లో ఒక్కడే ఉండేవాడు. ప్రతి శనివారం డోనట్ల పెట్టెతో వచ్చి, నా లెక్కలు చేసిపెట్టి, నాన్న నడకను ఆయన వెనకాలే అనుకరించి మమ్మల్ని నవ్వించేవాడు. ఆ వేసవిలో పెళ్లిచూపులకు ఇండియా వెళ్లి, పది రోజులకే పెళ్లి మాటంటేనే విసుగొచ్చి, ఏ సంబంధమూ కుదరకుండానే తిరిగొచ్చాడు. ఆ రోజు అందరూ ఉండగా నాన్న పులిహోర కలుపుకుంటూ, "నన్నడిగితే బావమరిదేనండీ. అక్క మొహం చూసి ఇంట్లో పెట్టుకుంటారు చూడండి, అక్కడే మొదలవుతుంది," అన్నాడు. అందరూ నవ్వారు. మావయ్య నవ్వలేదు. చేతిలో ప్లేటు కింద పెట్టాడు. "బావగారూ, మీరు అంటున్నది సినిమా సంగతేనా?" అన్నాడు. "నేను సినిమా సంగతే అంటున్నానోయ్. నీకెందుకు తగులుతోంది?" అన్నాడు నాన్న. మావయ్య కోటు తీసుకుని వెళ్లిపోయాడు.

వరసగా మూడు శనివారాలు రాలేదు. అమ్మ నాన్నకు వడ్డించేది గానీ మాట్లాడేది కాదు. నాన్న మాత్రం మావయ్య కారు చప్పుడేమోనని కిటికీ దగ్గరే తచ్చాడేవాడు. నా లెక్కల మార్కులు అధోగతి పట్టాయి, కానీ అది కాదు బాధ. మావయ్య లేని శనివారం ఇల్లు ఇల్లులా లేదు, దానికి కారణం నేను. చెప్పేద్దామంటే స్కూల్ వాళ్లు వాషింగ్టన్ తీసుకెళ్లే ట్రిప్ కాగితం మీద నాన్న ఇంకా సంతకం పెట్టలేదు. నాలుగు రోజులు ఆ కాగితాన్నీ అమ్మ మొహాన్నీ మార్చి మార్చి చూసి, అయిదో రోజు సైకిలెక్కి మావయ్య దగ్గరికి వెళ్లాను.

గుమ్మంలోనే ఏడుస్తూ మొత్తం కక్కేశాను. డాన్స్ పోటీ, ఎర్ర బటన్, చుక్కలు, అన్నీ. "సినిమాకి ఎండింగ్ ఉంది మావయ్యా, నేనే చెరిపేశాను. నాన్న ఊరికే ఊహించి అన్నాడు. ప్లీజ్, నువ్వు వచ్చేయ్," అన్నాను. మావయ్య నోరు తెరుచుకుని చూసి, కుర్చీలో కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వీ నవ్వీ లేచి, బయట ఎవరైనా ఉన్నారేమో చూసి తలుపు వేశాడు.

"ఒసేయ్, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి. ఆ సినిమా నేను బెజవాడలో చూశాను."

"చూశావా! మరి ద్రోహి ఎవరు?"

"బావమరిదే."

"అంటే నాన్న కరెక్టేనా? మరి నీకెందుకంత కోపం?"

"కరెక్టని తెలిసే కదే కోపం. తప్పయితే నవ్వేసి ఇంకో రెండు గారెలు వేసుకునేవాణ్ణి," అన్నాడు. మళ్లీ కుర్చీలో కూర్చుని, "మీ నాన్న నన్నట్లా ఎప్పుడూ అనుకోలేదులే. నాకే అనిపిస్తుంటుంది, ఆయన ఈ దేశం రప్పిస్తే వచ్చినవాణ్ణి, ఆయన ఇంట్లో తింటున్నవాణ్ణి అని," అన్నాడు. ఆ మాట నాకప్పుడు సగమే అర్థమైంది.

మర్నాడే శనివారం. మావయ్య డోనట్లతో వచ్చాడు. తలుపు తీసింది నాన్నే. ఇద్దరూ కాసేపు వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. తరువాత నాన్న నేల చూస్తూ, "ఆలోచిస్తే నాకు ఆ డ్రైవరు మీదే అనుమానంగా ఉందోయ్," అన్నాడు. "నాకూ అతనే అనిపించింది బావగారూ," అన్నాడు మావయ్య, మొహంలో ఏమీ కనబడనీయకుండా. అమ్మ నాలుగు వారాల తరువాత నాన్నకు కాఫీలో సరిపడా పంచదార వేసింది. ఆ సంబరంలోనే నేను కాగితం ముందు పెడితే చదవకుండా సంతకం పెట్టేశాడు.

క్యాసెట్ సంగతి ఈ రోజు వరకు నాన్నకు చెప్పలేదు. మావయ్య పోయి రెండేళ్లయింది. పోయిన నెల నాన్న, "ఇప్పుడు పాత సినిమాలన్నీ కంప్యూటర్‌లో ఉంటున్నాయిటగా, అది కూడా ఉందేమో చూడమ్మా," అన్నాడు. వెతికాను. ఉంది. మూడు గంటలు, పూర్తిగా. యాభై దాటిన దాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, పద్నాలుగేళ్ల దొంగలా తెర గభాలున మూసేసి, "లేదు నాన్నా, దొరకట్లేదు," అన్నాను.

నాన్న నా వంక చూడకుండా కిటికీ వైపు చూస్తూ అన్నాడు: "దొరక్కపోతేనే మంచిదిలే. బావమరిదే అయ్యుంటాడు. మీ మావయ్య వింటే మళ్లీ రావడం మానేస్తాడు."