ఆరింటివాళ్ళు, ఏడింటివాళ్ళు

పాపయ్య సైన్యంలో ఇరవై ఆరేళ్ళు చేసి నాయబ్ సుబేదారుగా రిటైరయ్యాడు. సొంతూరు ఒంగోలు దగ్గర. కూతురు తేజశ్రీ చదువు దిల్లీలో నడుస్తోందని ఇక్కడే ఆగిపోయి, జనక్‌పురిలో ఒక హౌసింగ్ సొసైటీకి సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరాడు. నాలుగు బ్లాకులు, రెండు వందల నలభై ఫ్లాట్లు, ఏడుగురు గార్డులు. ఫ్లాట్లవాళ్ళు అతన్ని సుబేదార్ సాబ్ అనేవారు. ఇస్త్రీ లేని చొక్కాతో గేటు దగ్గర కనిపించిన రోజు లేదు.

ఎన్నికలకు మూడు నెలల ముందు సొసైటీ పార్కులో గొడవ జరిగింది. పొద్దున నడకకు వచ్చే పెద్దమనుషులు ఎప్పుడూ రాజకీయాలే మాట్లాడుకునేవారు. ఆ రోజు ఒకాయన ఇంకొకాయన్ను దేశద్రోహి అన్నాడు. ఆయన ఈయన్ను అమ్ముడుపోయినవాడన్నాడు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లేచింది. ఒకాయన కనుబొమ మీద మూడు కుట్లు పడ్డాయి. ఇద్దరికీ అరవై దాటాయి.

ఏదో ఒకటి చెయ్యమని కమిటీ పాపయ్యతో చెప్పింది. అతనికి తెలిసిన పద్ధతి ఒకటే. పదేళ్ళ కిందట ఐక్యరాజ్యసమితి దళంలో ఏడాది ఆఫ్రికాలో ఉన్నప్పుడు నేర్చుకున్నది అది. కొట్టుకునేవాళ్ళను ముందు విడదియ్యాలి. స్కేలు పెట్టి గీతలు గీసి పట్టిక తయారుచేశాడు. ఒక పార్టీ వర్గానికి పార్కు ఆరు నుంచి ఏడు వరకు, రెండో వర్గానికి ఏడు నుంచి ఎనిమిది వరకు. మొదటివాళ్ళు ఎక్కువగా ఎ, బి బ్లాకుల్లో ఉంటారు కాబట్టి వాళ్ళకు ముందు గేటు. సి, డి బ్లాకులకు వెనక గేటు. మధ్య గోడలో, అటువాళ్ళు ఇటూ ఇటువాళ్ళు అటూ తిరిగే దారికి ఒక ఇనుప గేటు ఉంది. ఎన్నడూ మూసింది లేదు. దానికి తాళం వేసి చెవి జేబులో పెట్టుకున్నాడు.

గొడవలు ఆగాయి. జనరల్ బాడీ మీటింగులో అతనికి చప్పట్లు కొట్టారు.

నెల తిరిగేసరికి సొసైటీలో రెండు కొత్త పేర్లు వినపడసాగాయి. ఆరింటివాళ్ళు, ఏడింటివాళ్ళు. వాట్సాప్ గ్రూపు రెండయింది. ఇస్త్రీ బండి రెండయింది. గోడ దాటిన క్రికెట్ బంతి తిరిగి రావడం మానేసింది. అద్దెకు వచ్చేవాళ్ళను బ్రోకరే అడుగుతున్నాడు, "మీరు ఆరా, ఏడా?" అని. ఏ పార్టీ గొడవా పట్టనివాళ్ళు కూడా ఉన్న బ్లాకును బట్టి ఏదో ఒకటి అయిపోయారు.

ఒకరోజు ఆరింటివాళ్ళలో ఒకతను వచ్చి, సి, డి బ్లాకుల్లో పగలు తాళం వేసి ఉండే ఫ్లాట్ల జాబితా కావాలన్నాడు. పాపయ్య ఇవ్వనన్నాడు. మూడో రోజున ఏడింటివాళ్ళ మనిషి వచ్చి ఎ, బి బ్లాకుల కార్ల నంబర్లు అడిగాడు. అవీ ఇవ్వలేదు.

ఆ సాయంత్రం భార్య హనుమాయమ్మతో అన్నాడు. "ఆఫ్రికాలోనూ ఇంతే. సంత ఒకటే ఉండేది. కొట్టుకుంటున్నారని మేమే రెండు సంతలు పెట్టించాం. రెండు నెలలు ఒక్క తుపాకీ పేల్లేదు. అంతా ప్రశాంతం అని రిపోర్టు పంపాం."

"తర్వాత?"

"మూడో నెల చంపుకున్నారు. రెండు నెలలు మొహాలు చూసుకోలేదు గదా. చేతులు తేలిగ్గా లేచినై."

"ఇక్కడ అట్టా ఎందుకవుద్దయ్యా? వీళ్ళంతా ఆఫీసర్లు."

"అక్కడ ఎవర్ని చంపాలో జాబితాలు రాసింది బడి మాస్టార్లే."

ఆరింటివాళ్ళకు పెద్ద సదాశివరావు. కాకినాడ మనిషి, కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీగా చేసి రిటైరయ్యాడు. ఆయన భార్య శ్రీవల్లికి కాలి ఎముకకు ఇన్ఫెక్షన్ చేరి ఆపరేషన్ అయింది. ఆరు వారాలు రోజూ నరంలోకి మందు ఎక్కించాలి, ఒక్కరోజు తప్పినా కాలు దక్కదన్నారు డాక్టర్లు. నర్సుల ఏజెన్సీ పంపిన మనిషి రెండుసార్లు నరం తప్పించి చెయ్యంతా వాచేలా చేసింది. శ్రీవల్లి పట్టుబట్టి సువార్తను రమ్మంది. బాపట్ల వైపు అమ్మాయి, ఆసుపత్రిలో నర్సు, ఉండేది డి బ్లాకు రెండో అంతస్తులో. అంటే ఏడింటిమనిషి.

సదాశివరావు పాపయ్యను పక్కకు పిలిచాడు. "సుబేదారుగారూ, రోజూ నాలుగింటికి ఆ అమ్మాయి కోసం మధ్య గేటు ఒక్క నిమిషం తీయండి. రిజిస్టర్లో మాత్రం రాయకండి."

"రాయకపోతే ఎట్లా సార్?"

"ఏడింటివాళ్ళను ఇళ్ళలోకి రానివ్వద్దని గ్రూపులో పెట్టింది నేనేనండీ."

పద్దెనిమిది రోజులు అలాగే నడిచింది. నాలుగింటికి పాపయ్య గేటు తీసేవాడు. సువార్త మందుల సంచీ చున్నీ కింద దాచుకుని, తల వంచుకుని వచ్చి వెళ్ళేది.

పంతొమ్మిదో రోజున ఓట్ల లెక్కింపు. మధ్యాహ్నానికి ఆరింటివాళ్ళ పార్టీ గెలుపు ఖాయమైంది. ముందు గేటు దగ్గర డోళ్ళు మోగాయి, రంగులు చల్లుకున్నారు. ఊరేగింపు మధ్య గేటు మీదుగా సి, డి బ్లాకులు చుట్టి రావాలని ఎవరో అన్నారు. ఆ మాట గోడ అవతలికి చేరింది. మధ్య గేటును ఆనుకుని ఉన్న డి బ్లాకు టెర్రసు మీద మరమ్మతుకు తెచ్చిన ఇటుకలున్నాయి. మూడింటికి పాపయ్య కింద నుంచి చూసేసరికి అవి పిట్టగోడ మీద వరసగా పేర్చి ఉన్నాయి. పోలీసులకు ఫోన్ చేశాడు. ఊరంతా ఊరేగింపులే, బండి రావడానికి గంట పడుతుందన్నారు.

నాలుగింటికి మధ్య గేటుకు ఇటు ఆరింటివాళ్ళు నలభై మంది, అటు ఏడింటివాళ్ళు పాతికమంది. మధ్యలో పాపయ్య, చేతిలో తాళంచెవి. అవతలి గుంపును తోసుకుంటూ సువార్త వచ్చి గేటు ఊచలు పట్టుకుంది.

"అరే, సాత్ వాలీ, ఏడింటామె!" అని ఇటువైపు ఎవరో అరిచారు. "మిఠాయి కోసం వచ్చావా దీదీ?"

"సంచీలో ఏముందో అడగండి ముందు."

"తాళం తీయండి సాబ్. ఆమె రానక్కర్లేదు, మేమే పోతాం."

"తీస్తే తెలుస్తుంది!" అని అటువైపు నుంచి కేక.

తీస్తే నలభై మంది తోసుకుని వెళతారు. పైనుంచి ఇటుకలు పడతాయి. తీయకపోతే శ్రీవల్లికి ఈ రోజు మందు ఉండదు. పాపయ్య సదాశివరావు వైపు చూశాడు. ఆయన ముందు వరసలోనే ఉన్నాడు, మెడలో బంతిపూల దండతో. చేతి గడియారం చూసుకుంటున్నాడు గాని గేటు వైపు చూడడం లేదు.

"సార్, నాలుగూ పావయింది," అంది సువార్త తెలుగులో.

సదాశివరావు తల తిప్పకుండా, గొంతు తగ్గించి తెలుగులోనే అన్నాడు. "ఇప్పుడు కాదమ్మా. గొడవ సద్దుమణిగాక వెనకనుంచి రా."

"వెనక గేటు దగ్గర మావాళ్ళు కర్రలతో కూర్చున్నారు సార్. దొంగచాటుగా మీ ఇంటికెళ్తున్నానని తెలిస్తే మళ్ళీ ఇంట్లోకి రానిస్తారా? నేను ఎవరింటికి వస్తున్నానో మీరే చెప్పండి. హిందీలో చెప్పండి. వీళ్ళందరికీ అర్థమయ్యేలా."

ఆయన మళ్ళీ గడియారం చూసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "క్యా బోల్ రహీ హై?" అంటూ, ఆమె మాట ఏమిటో చెప్పమని ఒకడు ఆయన భుజం తట్టాడు.

"సార్, నేను చెప్పనా?" అన్నాడు పాపయ్య. "కానీ నేను చెబితే వాచ్‌మన్ మాట. ఎవరూ ఆగరు."

అప్పుడు పైనుంచి ఒక ఇటుక జారింది. ఎవరైనా విసిరారో, చెయ్యి తగిలి పడిందో తెలియదు. సువార్తకు రెండడుగుల దూరంలో పడి మూడు ముక్కలైంది. ఆమె ఊచలు వదల్లేదు. డోలు ఆగిపోయింది. ఇటువైపు కుర్రవాళ్ళు ఇద్దరు గోడ పక్కన రాళ్ళు వెతకసాగారు.

సదాశివరావు మెడలోని దండ తీసి చేతికి చుట్టుకున్నాడు. "యే మేరే ఘర్ ఆ రహీ హై," అన్నాడు. మొదటిసారి పక్కవాడికి కూడా వినపడలేదు. మళ్ళీ అన్నాడు. ఈమె తన ఇంటికే వస్తోందని, పద్దెనిమిది రోజులుగా తన భార్యకు మందు ఎక్కిస్తున్నది ఈమేనని హిందీలో చెప్పాడు.

"మీరే కదా వద్దని రాసింది?" అన్నాడు భుజం తట్టినవాడు.

"నేనే."

"మరి మాకు చెప్పిందేంటి, మీరు చేసిందేంటి అంకుల్?"

పాపయ్య ఇక ఆగలేదు. ఒక మనిషి పట్టేంత మేర గేటు తీసి, ఆ సందులో తాను అడ్డంగా నిలబడ్డాడు. సువార్త అతని చేతి కింద నుంచి దూరి ఇవతలికి వచ్చింది. రాళ్ళు పట్టుకున్న కుర్రవాళ్ళు సదాశివరావు వైపు చూశారు. ఆయన వాళ్ళను చూడకుండా సువార్త వెనకే నడిచాడు. నాయకుడు లేని ఊరేగింపు కాసేపు అక్కడే తచ్చాడి, ముందు గేటు మీదుగా రోడ్డెక్కింది. పోలీసు బండి ఐదింటికి వచ్చింది.

మందు ఎక్కించి తిరిగి వెళుతూ సువార్త సదాశివరావుతో చెప్పింది. "రేపట్నుంచి నేను ఒక్కదాన్నే రాను సార్. మీరు మా ఇంటికొచ్చి తీసుకెళ్ళండి. అందరూ చూస్తుండగా."

"నేను డి బ్లాకుకి రావడమంటే..."

"నేను రాలేదా?"

ఆ సాయంత్రమే సదాశివరావును గ్రూపులోంచి తీసేశారు. అనుమతి లేకుండా గేటు తెరిచినందుకు సూపర్‌వైజరును మార్చాలంటూ కమిటీకి ఒక కాగితం వెళ్ళింది. మూడు నెలల్లో ఆరింటివాళ్ళూ ఏడింటివాళ్ళూ కలిసి సంతకాలు పెట్టింది ఆ ఒక్క కాగితం మీదే. పాపయ్యకు నెల రోజుల నోటీసు ఇచ్చారు. అతను మధ్య గేటుకు మళ్ళీ తాళం వెయ్యలేదు. ఇటుకలు దింపమని డి బ్లాకువాళ్ళకు రెండుసార్లు చెప్పాడు. దింపలేదు.

మర్నాడు నాలుగింటికి ఐదు నిమిషాల ముందు సదాశివరావు మధ్య గేటు దగ్గరికి వచ్చాడు. గేటు దాటకుండా ఆగాడు.

"ఏ అంతస్తు సుబేదారుగారూ?"

"రెండోది సార్. లిఫ్టు పనిచెయ్యదు."

"మీరూ వస్తారా?"

"మీ వెనకే ఉంటాను."

డి బ్లాకు మెట్ల దగ్గర మల్లికార్జున కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఏడింటివాళ్ళ కార్యదర్శి, కర్నూలు మనిషి. ఒకప్పుడు రోజూ సదాశివరావుతో కలిసి నడిచినవాడే.

"ఏం రావుగారూ, గెలిచినారు కదా, మా బ్లాకు గూడా స్వాధీనం చేసుకోను వచ్చినారా?"

"సువార్త కోసమండీ. మా ఆవిడకి మందు టైమయింది."

"మా అమ్మాయి కావాల్సొచ్చిందా?"

"కావాలి."

మల్లికార్జున కుర్చీలోంచి లేవలేదు. కొంతసేపటికి మెట్టు మీద చాపుకున్న కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. సదాశివరావు రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, పది నిమిషాల తర్వాత సువార్తతో కిందికి దిగాడు. ఆమె సంచీ ఈసారి భుజానికే ఉంది. మెట్ల నుంచి గేటు దాకా, బ్లాకు పక్కగా సాగే నలభై అడుగుల దారికి ఎక్కడా నీడ లేదు. పిట్టగోడ మీద ఇటుకల వెనక రెండు తలలు కదిలాయి. పాపయ్య వాళ్ళిద్దరినీ అవతలి ప్రహరీ గోడవారకు జరగమని చెప్పి, కళ్ళు పైనుంచి తియ్యకుండా, వాళ్ళకూ ఆ టెర్రసుకూ మధ్య నడిచాడు.