కడిగిన గ్రిడ్డు

ఇన్నేళ్లూ దీన్ని కడుపులో పెట్టుకునే తిరిగాను. ఇక మోయలేను, ఓపిక అయిపోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీతో చెప్పగలుగుతున్నాను.

విశాఖలో ఒక పరిశోధనశాలలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ నడపడం నా ఉద్యోగం. అప్పలరాజు అక్కడ పరిశోధక విద్యార్థి. భీమిలి దగ్గర చేపలవేట కుటుంబం. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్లం. వాళ్ల నాన్న పడవకు తారు పూస్తుంటే ఆ వాసనలో పెరిగినవాడు. ఉక్కు కొలిమి కోసం బొగ్గును కాల్చేటప్పుడు దిగే తారులోంచి కర్బన నానో గొట్టాలు తీయాలని అతని పట్టుదల. పెన్సిల్ ములుకూ, వజ్రమూ, మసీ అన్నీ కర్బనమే. పరమాణువులు అమరిన తీరులోనే తేడా. పెన్సిల్ ములుకులోని ఒక్క పొర చాపలా చుట్టుకుంటే అదే గొట్టం. కంటికి ఆనదు, నా యంత్రంలోనే చూడాలి.

చూడాలంటే నమూనాను గ్రిడ్డు మీద వేయాలి. పెసరబద్దంత రాగి జల్లెడ అది. ఒకసారి వాడి పారేయాలని నియమం. కొత్తవి రావడం ఆలస్యమైతే పాతవే కడిగి వాడేవాళ్లం, పైవాళ్లకు చెప్పేవాళ్లం కాదు. ఆసారి కొత్తవి తెప్పించడం నేనే మరిచిపోయాను. అంతకుముందు యంత్రాన్ని సరిచూసుకోవడానికి, బయట కొన్న గొట్టాలు వేసిన గ్రిడ్డునే కడిగి, తారు కాల్చి బావ తెచ్చిన మసిని దానిమీద వేశాను.

తెర మీద గొట్టాలు కనిపించాయి. బావ నన్ను వాటేసుకుని ఏడ్చేశాడు.

నాకు అనుమానం రాలేదా? వచ్చింది. కొన్న గొట్టాల తయారీలో లోహం వాడతారు, అందుకే వాటి కొసల్లో నల్లటి లోహపు చుక్కలుంటాయి. బావ తారులో ఏ లోహమూ కలపలేదు, అయినా ఆ చుక్కలు తెర మీద ఉన్నాయి. చూసి కూడా, ఇంకేదో మలినమై ఉంటుందిలే, రేపు చెబుదాంలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, అతని సంతోషం చెడగొట్టలేక కాదు, నా ఉద్యోగం పోతుందన్న భయంతోనే నోరు మూసుకున్నాను.

వ్యాసం అచ్చయింది. మళ్లీ చేసి చూపమన్నారు. ఎన్నిసార్లు కాల్చినా ఉత్త మసే. కొన్న గొట్టాలు కలిపి మోసం చేశాడన్నారు. విచారణకు పిలిచిన రోజు గది బయట నన్ను పక్కకు లాగాడు.

"బావా, ఆ దినం నువ్వెట్టిన గ్రిడ్డు కొత్తదేనా? బాగా గుర్తు తెచ్చుకుని సెప్పు. నానేటి సేసినానో నాకే తెలవట్లేదు."

"కొత్తదే బావా. నానే పేకెట్టు ఇప్పినాను."

"అయితే నా సేతిలోనే ఏదో తేడా ఉందన్నమాట."

నన్ను అనుమానించనైనా లేదు. లోపల నన్నూ అడిగారు. అదే మాట చెప్పాను. అతన్ని పంపించేశారు. నా ఉద్యోగం పర్మనెంటయింది. ఛీ, ఆ మాట రాయడానికే సిగ్గుగా ఉంది.

మొన్న చేపల కోసం ఫిషింగ్ హార్బర్‌కు వెళితే కనిపించాడు. అక్కడే ఐస్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు, టీ తాగించాడు. ఆ ఒక్కసారి తారులోంచి గొట్టాలు వచ్చాయి కదా, మళ్లీ ఎందుకు రాలేదో ఇప్పటికీ అదే ఆలోచిస్తుంటానన్నాడు. చెబుతుంటే కళ్లు మెరిశాయి. చేపలు కొనకుండానే వచ్చేశాను.

నిజం చెబితే అతని పేరు మీది మచ్చ పోతుంది. దాంతోపాటు ఆ ఒక్క రోజూ పోతుంది. అతనికి మిగిలింది అదొక్కటే. అందుకేనా నేను అక్కడ నోరు విప్పనిది? లేక ఇది కూడా నా పిరికితనమేనా? పిరికితనమే. నాకు తెలుసు.

క్షమించమని అడగడం లేదు. ఏ మొహం పెట్టుకుని అడగను? రేపు హార్బర్‌కు వెళ్లి అతనికే చెబుతానని ఒట్టు కూడా వేయలేను. కానీ అతనితో అనాల్సిన మాట ఇన్నేళ్లకు ఒకసారి రాసి చూసుకుంటున్నాను. రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది.

బావా, నీ సేతిలో ఏ తేడా లేదు. ఆ గ్రిడ్డు పాతది. నీ తారులోంచి గొట్టాలు ఎప్పుడూ రాలేదు.