సుగ్గి సంచీతో సముద్రానికి

ఉరుకుందమ్మ చూడని ఊరు లేదు. గుంటూరు చూసింది, ఖమ్మం చూసింది, బెంగళూరైతే నాలుగుసార్లు చూసింది. ఆ ఊళ్ళలో ఏముందని మాత్రం ఆమెను అడగొద్దు. గుంటూరంటే ఆమెకు మిరపచేను, బెంగళూరంటే ఇసుక జల్లెడ. ఆమె ఊరున్న కోసిగి వైపు దీన్నే సుగ్గికి పోవడం అంటారు. వానలు మొహం చాటేసిన ఏడు ఇంటికి తాళం బిగించి, గిన్నెలూ గొంగళ్ళూ పిల్లాజెల్లా అన్నీ లారీకెక్కించి కూలికి పోతారు. పని అయ్యాక మళ్ళీ లారీలోనే వెనక్కి. ముప్పై ఏళ్ళు అలా తిరిగిన మనిషిని ఎవరైనా వచ్చి ఊరికే చూసొద్దాం రమ్మంటే అనుమానం రాదా మరి?

వచ్చింది ఎవరో కాదు, కన్నకూతురు సంతోషి. బళ్ళారిలో ఒక ఆసుపత్రిలో నర్సు.

"మా, నాలుగు దినాలు సెలవు పెట్టినాను. కార్వార్ పోదాం పా. నీకు సముద్రం సూపిస్తా."

"ఎందుకే?"

"ఎందుకేంది? ఊరికే."

ఉరుకుందమ్మ చేతిలో చాట ఆగిపోయింది. సముద్రం సూపిస్తానన్న మాట ఆమెకు కొత్త కాదు. పద్దెనిమిదేళ్ళ కింద ఆ మాట అన్నది తనే. సంతోషికి అప్పుడు తొమ్మిదేళ్ళు. బడి మాని సుగ్గికి రానంటే రానని గుంజను కరుచుకుని ఒకటే ఏడుపు. మొగుడు ఈరప్ప అప్పటికే బెంగళూరు పోయి ఉన్నాడు, పిల్లను వదిలిపోదామంటే చూసే దిక్కు లేదు. బయట కూలీలను తోలుకుపోయే మేస్త్రీ లారీ హారన్ కొడుతోంది. "దా, సముద్రం సూపిస్తా" అని తల్లి అబద్ధమాడింది. పిల్ల కళ్ళు తుడుచుకుని లారీ ఎక్కింది. దిగింది మిరపచేలో. మూడు నెలల పాటు దినామూ సందేళ, కారానికి మండే చేతులు నీళ్ళ బకెట్లో ముంచుకుని ఆ పిల్ల అడిగేది, "మా, సముద్రం యాడ?" అని. "రేపు" అనేది తల్లి.

ఆ రేపు రాలేదు. మరుసటేడు హాస్టల్లో వేస్తే సంతోషి అక్కడే ఉండి చదువుకుంది, ఉద్యోగం తెచ్చుకుంది. సముద్రం ఊసు మళ్ళీ ఒక్కనాడూ ఎత్తలేదు. ఆ ఎత్తకపోవడమే ఉరుకుందమ్మకు గుబులు. మరిచిపోయిందా, కడుపులో పెట్టుకుందా? సరిగ్గా అవే మాటలతో ఇప్పుడు పిలుస్తోందంటే ఏమనుకోవాలి?

పక్కింటి సుంకులమ్మ ఊరుకుంటుందా! "ఈ కాలంలో ఊరికే ఎవురు పిల్సకపోతారు ఉరుకుందీ? పెద్ద పెద్ద ఇండ్లల్లో మంచాన పడినోళ్ళను సూసేకి మనుషులు దొరకట్లేదంట. మనిషిని కుదిర్చమని నర్సమ్మలనే అడుగుతారంట" అని నిప్పు రాజేసి, చక్కగా తన పని చూసుకోవడానికి పోయింది.

ఇంకేం, ఉరుకుందమ్మ సంచి సర్దింది. సత్తు గిన్నె, గొంగడి, రెండు సేర్ల జొన్నపిండి, పనిలో నడుముకు చుట్టుకునే పాత చీర ముక్క. కోసిగి స్టేషన్లో సంతోషి సంచి ఎత్తబోయి, "ఇంత బరువేంది మా?" అంటూ మూతి తెరిచింది. లోపలి గిన్నె చూసింది. సంచి మూతి బిగించి భుజానికి తగిలించుకుంది. అడిగి ఉంటే బాగుండేది. అడగలేదంటే పని ఖాయమన్నమాటే అని తల్లి లెక్క వేసుకుంది.

గుంతకల్లులో రైలు మారి, హుబ్బళ్ళిలో బస్సెక్కారు. ఘాట్ దిగుతుంటే ఎటు చూసినా పచ్చదనమే. కళ్ళు చల్లబడ్డాయనుకుంటున్నారా? ఇన్ని నీళ్ళున్న చోట కూలికి పని లేకుండా ఉంటుందా అని ఆమె అనుమానం ఇంకో మెట్టు ఎక్కింది.

కార్వార్‌లో సంతోషి అన్నీ చూపించింది. ఏరు దాటి గుట్ట మీది పాత కోట చూపించింది. "ఆదోని కోట దీనికంటే పెద్దది" అంది తల్లి. చుట్టూ కొండలు నిలబడితే నడుమ నిమ్మళంగా ఉన్న నీళ్ళు చూపించి, "ఇది మనుషులు తవ్విన రేవు గాదు మా, దేవుడిచ్చింది. కొండల అడ్డం ఉండాది గదా, తుఫానొచ్చినా ఓడలకు బయం ల్యా. ఎనకట అరబ్బులు, తెల్లోళ్ళు అందురూ ఈడికే వస్తాండిరంట" అంది.

"ఏమెక్కిచ్చుకునేకి?"

"మిరియాలంట."

"మోసిందెవురు?"

ఉరుకుందమ్మ ఆ మూటలు మోసినవాళ్ళను కళ్ళారా చూసినట్టే అడిగింది.

బస చేసింది భారతి అనే ఆవిడ ఇంట్లో, అద్దె గదిలో. సాయంత్రం వాకిట్లో భారతి, సంతోషి కన్నడంలో గుసగుసలాడుతున్నారు. ముసలమ్మకు అర్థం కాదనుకున్నారేమో! సరిహద్దు మనిషికి కన్నడం రాకేం? "నాళె బెళిగ్గె ఆరక్కె అమ్మన కర్కొండ్ బన్ని" అంది భారతి. రేపు పొద్దున ఆరుకు అమ్మను తీసుకురండి అని. అచ్చం మేస్త్రీ మాట! పొద్దున ఆరంటే పనిలోకి దిగే వేళ కదా. ఉరుకుందమ్మకు కోపం రాలేదు పాపం. నేను చేసిందే నాకు చేస్తోంది, తప్పేముంది అనుకుంది. అలా అనుకున్నాక కూడా దుఃఖం ఆగలేదు, అది వేరే సంగతి.

పొద్దున్నే కూతురు వెంట నడిచింది, సంచి చంకలో పెట్టుకుని. సంచి ఎందుకని కూతురు అడిగితే ఇంకాస్త గట్టిగా అదుముకుంది. చేపల రేవుకు వచ్చారు. పడవలు అప్పుడే గట్టుకు చేరి ఉన్నాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని చేపల కుప్పల్లో పెద్దవీ చిన్నవీ వేరు చేస్తున్నారు. ముందో గంప, వెనకో గంప. ఉరుకుందమ్మకు అంతా తేటతెల్లమైపోయింది. పడవవాడితో మాట్లాడడానికి సంతోషి నాలుగడుగులు అటు వేసిందో లేదో, ఈమె చీర ముక్క తీసి నడుముకు చుట్టింది. వరసలో సందు చూసుకుని కూర్చుంది. మిరపకాయల్లో తాలు ఏరినట్టు చకచకా చేపలు ఏరడం మొదలుపెట్టింది. పక్కన ఉన్నవాళ్ళు చేతులాపి నోరెళ్ళబెట్టారు.

సంతోషి పరుగున వచ్చింది. "ఏం సేస్తాండావు మా!"

"ఏం సెయ్యమని తెచ్చినావో అదే." తల ఎత్తలేదు. "సెప్పి తెచ్చింటే రానంటానా? ఆ పొద్దు నిన్ను మోసం సేసింది మేస్త్రీ గాదు, నేనే. కసి తీర్సుకో, తప్పుల్యా."

సంతోషి అక్కడే తడినేల మీద చతికిలబడింది. తల్లి చేతిలోని చేపలు తీసి గంపలో వేసింది.

"నువ్వు మోసం సేసినావని నాకు ఆ పొద్దే తెల్సు మా."

"ఏం తెల్సు నీకు?"

"లారీలోకి ఇదే గిన్నె, ఇదే గొంగడి ఏసినావు. సముద్రం సూసేకి పొయ్యేటోళ్ళు గొంగడి ఎందుకు మోస్తారు? లారీ ఎక్కకముందే తెల్సు."

"మరి దినామూ సముద్రం యాడ, సముద్రం యాడ అని నా పానం ఎందుకు తీస్తివే?"

"అడక్కపోతే నాకు తెల్సిపోయిందని నీకు తెలుస్తాది గదా. ఇంగ నువ్వు ఏడుస్తావని."

తొమ్మిదేళ్ళ పిల్ల. అమ్మ ఏడవకూడదని మూడు నెలలు అబద్ధాన్ని నమ్మినట్టు నటించిన పిల్ల. అలాంటి పిల్లనా తను అనుమానించింది? ఛీ, పాడు బుద్ధి అని ఉరుకుందమ్మ నుదురు కొట్టుకుంది. చేపల చెయ్యి అని కూడా చూసుకోకుండా కూతురి మొహం నిమిరి బావురుమంది. చుట్టూ ఉన్నవాళ్ళకు ఏమర్థమైందో ఏమో, ఒకావిడ లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

పడవ దగ్గర ఉన్నది భారతి తమ్ముడు. ఆరుకు రమ్మన్నది ఆ పడవలో రేవంతా తిప్పి చూపడానికి. అతను రెండోసారి కేకేశాడు. ఉరుకుందమ్మ చీర ముక్క విప్పి, మడిచి, గిన్నె సంచిలో కుక్కింది. సంచితోనే పడవ ఎక్కింది.

కొండల నీడ దాటాక, సంతోషి పక్కకు వంగి చెయ్యి నీళ్ళలో పెట్టింది. "మా, సముద్రం యాడ?" అంది.

ఉరుకుందమ్మ కూడా వంగి, కూతురి చేతి పక్కనే తన చెయ్యి ముంచింది.

"ఇదో, ఈడ" అంది.