మెడికల్‌కు ముందు వీపు మీద గ్లాసులు

నా ఒంట్లో విసుగు లేకుండా పనిచేసేవి రెండే: నడుము, నోరు. మెదడు సంగతి ఆరో తరగతిలోనే పంతులు తేల్చేశాడు. ఆయన్ని ఇంకా బాధపెట్టడం ఎందుకని నేనే బడి మానేశాను.

డెబ్భైల్లో పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులు. ఇనుము కరిగించి పోసే ఒక కార్ఖానాలో ఇసుక అచ్చులు మోసే పని దొరికింది. రోజుకూలీ. కొన్నాళ్లకు పర్మనెంటు చేస్తామన్నారు, డాక్టరు పరీక్షలో పాసైతే చాలట. ఆ పరీక్ష సోమవారం. శనివారం అచ్చు ఎత్తబోతే నడుము పట్టేసింది. వంగితే లేవలేను, లేస్తే వంగలేను.

నాతో పనిచేసే ఫిట్టరు కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు. నన్ను చూసి ఒకటే నవ్వు.

"ఏరా, పర్మనెంటు కాకముందే ఆఫీసర్లా నిలబడ్డావేంటి?"

ఆదివారం బస్సెక్కి సంగారెడ్డి వెళ్లాను. బజారు వెనక ఒక తాత నొప్పులు గుంజేయడానికి వీపుకు గ్లాసులు పెట్టేవాడు. నాకన్నా ముందు వచ్చిన ఒకామె కడుపుతో ఉందని తెలియగానే "కాన్పయినంక రా బిడ్డా" అని పంపించేశాడు. నన్ను బోర్లా పడుకోబెట్టి అడగడం మొదలుపెట్టాడు.

"జరమున్నదా? వీపు మీద పుండ్లు గిట్ల? దెబ్బ తాకితే రక్తం జల్దీ ఆగుతదా?"

"అన్నీ మంచిగనే ఉన్నయి తాతా. ఆకలొక్కటే ఆగుతలేదు."

"బరువులు మోసి పట్టుకున్న నడుముకైతే జెర సుకమైతది. కాళ్లు తిమ్మిరెక్కినా, ఎముక ఇరిగినా నాతోని కాదు. దవాఖానకు పోవాలె."

కాగితం ముక్క వెలిగించి, గాజు గ్లాసులో ఒక్కసారి తిప్పి తీసి, చప్పున నా వీపు మీద బోర్లించాడు. చర్మమంతా గ్లాసులోకి గుంజుకుపోయింది. ఇంకోటి, ఇంకోటి. ఎవరో నా వీపును ఊడబెరికి పట్టుకుపోతున్నట్టే ఉంది.

"ఇగో బిడ్డా, రేపటికి..." అని తాత ఏదో చెప్పబోయాడు.

"రేపటికి నేను పర్మనెంటు తాతా! నీకు మిఠాయి తెస్త."

"అది కాదురా, ఈ గ్లాసులు తీసినంక..."

నేను ఆగితేగా! మా సూపర్‌వైజరు ఎట్లా అరుస్తాడో ఆయన గొంతులోనే వినిపించాను. తాత తల అడ్డంగా ఊపి, గ్లాసులు ఒక్కొక్కటే ఊడదీశాడు.

నిజంగానే నడుము తేలికైంది. సోమవారం హుషారుగా డాక్టరు ముందు చొక్కా విప్పి వెనక్కి తిరిగాను. ఆయన కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది.

"ఏంటయ్యా ఈ గుండ్రటి మచ్చలు? తామరా?"

మచ్చలా! తామరంటే అంటుకునే జబ్బని ఉద్యోగం పోతుంది. గ్లాసులని చెబితే నడుము నొప్పి బయటపడి ఉద్యోగం పోతుంది. పుట్టి బుద్ధెరిగాక నా నోరు మూతపడింది అప్పుడే.

"మాట్లాడవేం?"

"గ్లాసులు సార్..."

"గ్లాసులతో కొట్టారా? ఎవరు?"

ఇక మొత్తం చెప్పేశాను. డాక్టరు వంగమన్నాడు, వంగాను. కాలివేళ్లు ముట్టుకోమన్నాడు, ముట్టుకున్నాను. మూలనున్న ఇనుప పెట్టె ఎత్తమన్నాడు. దేవుణ్ణీ తాతనూ కలిపి తలచుకుని ఎత్తాను.

"కండరం పట్టేస్తే దానివల్ల కొంత ఉపశమనం ఉండొచ్చు. తగ్గిందని మళ్లీ వెంటనే బరువులకు ఎగబడకు. ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచు" అంటూ సంతకం పెట్టి, తలెత్తి చూశాడు. "పాసయ్యావు గదయ్యా, ఇక ఆ పెట్టె దించు!"

మిఠాయి పొట్లంతో తాత దగ్గరికి వెళ్లాను. అంతా చెప్పి, "ఏంది తాతా, మచ్చలు పడ్తయని ఒక్క మాటన్న చెప్పకపోతివి! నౌకరీ జెరల తప్పిపోతుండె" అని నిష్ఠూరమాడాను.

తాత మిఠాయి ముక్క నోట్లో వేసుకుని తీరిగ్గా నమిలాడు.

"చెప్పబోతి గదరా, నువ్వు చెప్పనిస్తివా? నీ నోటికి సరిపోయేటంత గ్లాసు నా దగ్గర లేదు బిడ్డా. ఉంటే ముందుగాల దానికే పెడ్తుంటి."