పిక్ జారిపోయే చెయ్యి

2023 వేసవి. చిలకలగూడలో మా ఇంటి పై గదిలో పిల్లలకు గిటార్ నేర్పుతున్నాను. నాకు గురువు లేడు. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలను ఫ్రెట్లంటారు. ఒక్కో ఫ్రెట్ దాటితే స్వరం ఒక మెట్టు పెరుగుతుంది. పన్నెండోది చేరేసరికి మొదటి స్వరమే పై స్థాయిలో పలుకుతుంది. ఆ లెక్క పట్టుకునే నేను వాయించడం నేర్చుకున్నాను. నా పాఠాలూ లెక్కతోనే మొదలయ్యేవి. కుడిచేతికి పిక్, అంటే తీగలు మీటే చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఇచ్చి, ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటూ ఆగకుండా మీటించేవాణ్ణి.

ఆ వేసవిలో సైనిక్‌పురి నుంచి సహస్ర అనే ఏడేళ్ల పాప చేరింది. నానమ్మ కామేశ్వరమ్మగారు ఆటోలో తీసుకొచ్చేవారు. ఆవిడది రాజమండ్రి వైపు. ఇంట్లో పిల్లలకు సంగీతం చెబుతారు. సహస్రకూ సరళీ స్వరాలు ఆవిడ దగ్గరే వచ్చాయి. గిటార్ మాత్రం పాప పట్టుదల.

చిక్కల్లా ఒక్కటే. సహస్ర ఒకసారి మీటేది, రెండోసారికి పిక్ జారి పడిపోయేది. తనతో చేరిన పిల్లలు కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తులు మారుస్తున్నారు, తనింకా బిళ్ల ఏరుకుంటోంది.

"ఏంది బిడ్డా, గట్ల ఇడుస్తున్నవ్? గట్టిగ పట్టుకో."

"నేను వదలట్లేదు సార్. అదే పడిపోతోంది."

"ఆమె పిక్‌కు కాళ్లున్నయ్ సార్," అన్నాడు పక్కన కూర్చున్న రోహిత్. అందరూ నవ్వారు, సహస్ర తప్ప.

ఒకరోజు కామేశ్వరమ్మగారు కింద ఆగకుండా పైకే వచ్చారు.

"మాస్టారూ, ఈ నెలతో మాన్పించేద్దామనుకుంటున్నానండీ. ఇది రాకపోగా ఇంట్లో పాటా తప్పుతోంది. రెండు పడవల మీద కాళ్లెందుకు?"

సహస్ర గిటార్‌ను ఇంకా దగ్గరికి లాక్కుంది. "నేను మానను నానమ్మా. నువ్వు పాడుతుంటే నేను వాయించాలి."

"ఏదీ, వాయించు చూద్దాం," అంటూ ఆవిడ కూర్చున్నారు.

సహస్ర మీటింది. పిక్ పడిపోయింది. నేను పడిన పిక్‌ను చూశాను. ఆవిడ పాప వేళ్లను చూశారు.

"అయ్యో మాస్టారూ, పిల్ల తాళం వేస్తోందండీ."

ఆది తాళంలో ముందు ఒక దెబ్బ, తర్వాత చిటికెనవేలు, ఉంగరపువేలు, మధ్యవేలు లెక్క. ఆపైన దెబ్బ, అరచెయ్యి తిప్పడం, మళ్లీ దెబ్బ, తిప్పడం. మొత్తం ఎనిమిది. రెండో లెక్కకు చిటికెనవేలు దించాలని ఆ చెయ్యి విచ్చుకుంటోంది. ఇక పిక్ ఎలా నిలుస్తుంది? పాపకు లెక్క అందడం లేదనుకున్నాను. అందుతోంది, కాకపోతే అది నా లెక్క కాదు.

పిక్ తీసి డబ్బాలో వేశాను. "బిడ్డా, దెబ్బకు బొటనవేలు, గీ లావు తీగ మీద." ఆ చిటికెనవేలు తీగ లాగేంత పొడవు లేదు. అందుకని తర్వాతి మూడు లెక్కలకు ఉంగరపువేలు, మధ్యవేలు, చూపుడువేలు, మూడు సన్నతీగల మీద. మిగతా నాలుగింటికి ఆ మూడు తీగల మీదే చెయ్యి కిందికి, పైకి, కిందికి, పైకి. ఎడమచేత్తో ఒక్క తీగ నొక్కితే చాలు. కామేశ్వరమ్మగారి శ్రుతి అడిగి కేపో బిగించాను. తీగలన్నిటి శ్రుతినీ ఒకేసారి పెంచే బిగింపు అది.

"అమ్మా, జెర సరళీ స్వరాలు షురూ చెయ్యుండ్రి."

"గిటార్ కోసమా?"

"మీ మనవరాలి కోసం."

ఆవిడ సన్నగా ఎత్తుకున్నారు. మొదటి ఆవర్తంలోనే పాప వేళ్లు చిక్కుపడ్డాయి.

"మెల్లగా నానమ్మా."

"రోజూ నేననే మాట నాకే చెబుతున్నావే," అని ఆవిడ కాలం తగ్గించారు.

ఈసారి ఎనిమిదీ దాటి మళ్లీ మొదటికొచ్చారు. ఆవిడ షడ్జం దగ్గరే పాప బొటనవేలు లావు తీగ మీద పడింది. రోహిత్ తన గిటార్ ఆపేసి విన్నాడు. పాప తలెత్తలేదు, చెయ్యీ ఆపలేదు.

మెట్లు దిగబోతూ ఆవిడ అడిగారు, "సోమవారం ఇదే టైముకు తీసుకురమ్మంటారా?"

పిక్ పట్టడం సహస్రకు తర్వాత నెమ్మదిగా వచ్చింది. నాకు వచ్చింది వేరు. పిల్లల చేతికి మన లెక్క ఇచ్చేముందు, అందులో అప్పటికే ఏ లెక్క ఉందో చూసుకోవాలి. అందుకే ఇప్పుడు మొదటిరోజు ఎవరికీ పిక్ ఇవ్వను. వచ్చిన దరువేదో బల్ల మీద వెయ్యమంటాను. మొన్న తిరుమలగిరి పాప ఒకతి బోనాల డప్పు దరువు వేసింది. దానికి ఏ వేలు ఏ తీగ మీదో నాకింకా కుదరలేదు. పాప మాత్రం ఎప్పుడు నేర్పుతారని రోజూ అడుగుతోంది.