దారం కొరికే పన్ను

మా వదిన నవ్వడం పన్నెండేళ్ళుగా వింటున్నాను గానీ, ఈమధ్య దాకా చూడలేదు. నవ్వు వచ్చేలోపే ఆవిడ కుడి చెయ్యి నోటికి అడ్డం వచ్చేసేది. ఫోటోల్లో అయితే పెదాలు బిగించుకుని, ఎవరి మీదో అలిగినట్టు నిలబడేది. మా అన్నయ్యని కట్టుకున్నందుకే అలా ఉందేమోనని మొదట్లో నేను నిజంగానే జాలిపడ్డాను.

అసలు సంగతి పై వరసలో ముందు పన్ను. వదిన బట్టలు కుడుతుంది. పదిహేనో ఏట మిషను ముందు కూర్చున్న మనిషి, ఇప్పటికీ దారం తెంపాలంటే కత్తెర ముట్టుకోదు. కత్తెర ఒళ్ళోనే ఉన్నా సరే, దారం నోటి దగ్గరికి తీసుకెళ్ళి పుటుక్కున కొరుకుతుంది. అన్నేళ్ళ దారాలూ కలిసి ఆ పంటి కొసలో చిన్న గాడి చేశాయి. పెళ్ళికి ఏడాది ముందు ఒక కోటు బొత్తాం కుడుతూ నైలాన్ దారం కొరికితే, గాడి పక్కనున్న మూల కాస్తా విరిగింది. బియ్యపు గింజలో సగం ఉంటుందేమో ఆ ముక్క. దాని కోసం ఆవిడ నవ్వంతా దాచేసుకుంది.

చెప్పుకోడానికి సిగ్గుచేటు, నేను పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో పనిచేస్తాను. ఊళ్ళో వాళ్ళందరినీ వరసగా లోపలికి పంపిస్తాను గానీ, ఇంట్లో మనిషిని మాత్రం గుమ్మం దాటించలేకపోయాను. ఎప్పుడడిగినా ససేమిరా అనేది. పన్ను పీకేస్తారని భయం.

ఇలా ఉండగా, రెండు వీధుల అవతల ఉన్న కుట్టుపని నేర్పే సెంటరు నుంచి కబురొచ్చింది. అక్కడి మేడం, మా వదిన కుట్టిన కోటు లోపలి అతుకులు తిరగేసి చూసిందట. సోమవారం పదింటికి వచ్చి ముప్ఫై మంది ఆడవాళ్ళకి కాజా కుట్టడం చూపించమంది. బాగా చెబితే టీచరుగా తీసుకుంటారు. తనలాంటి వాళ్ళకి పని నేర్పాలని వదినకి ఎప్పటి నుంచో ఉంది. అయినా వెళ్ళనంది.

"ఎందుకు వెళ్ళవు?" అని నిలదీశాను.

చేతిలో చొక్కా పక్కన పెట్టింది. "కాజాకి రెండు చేతులూ కావాలే. ఇంక నోటికి ఏం అడ్డం పెట్టుకోను?"

నాకు నవ్వు రాలేదు. మర్నాడే బలవంతాన క్లినిక్కి లాక్కెళ్ళాను.

డాక్టరు గారు పన్ను చూసి, "పీకడమూ లేదు, సూదీ లేదమ్మా. విరిగిన చోట పంటి రంగు పదార్థం అతికించి మూల కట్టేస్తాను. గంట పని" అన్నారు. రంగు ముక్కలున్న పట్టీ తీసి, పెద్ద దీపం కింద వదిన పంటి పక్కన ఒక్కొక్కటే పెట్టి చూశారు. ఒకటి ఎంచి పక్కన పెట్టారు.

వదిన అప్పుడు లేచి కూర్చుంది. "దీపం కింద చూస్తే ఎలాగండీ? కిటికీ దగ్గరికి రండి. దీపం కింద దారం రంగు కలిపి నేను రెండు కోట్లు పాడుచేశాను."

నేను తల దించుకున్నాను. ఆయన మాత్రం పట్టీ పట్టుకుని బుద్ధిగా కిటికీ దగ్గరికి నడిచారు. వదిన అద్దంలో చూసుకుని, మొదట ఎంచినదాని కన్నా ఒక మెట్టు పచ్చగా ఉన్నదాన్ని చూపించింది. డాక్టరు గారు కళ్ళు చికిలించి చూసి, "మీరే కరెక్టమ్మా" అన్నారు. ఆ పూటకి ఆవిడ భయం అక్కడితో పోయింది.

తరవాత పంటి మీద నీలం జెల్ పూసి కడిగారు. జిగురు రాసి, మెత్తటి పదార్థాన్ని పొరలు పొరలుగా అద్ది, నీలం వెలుగు పట్టి గట్టిపరిచారు. చివర నున్నగా అరగదీసి మెరుగు పెట్టారు. అతుకెక్కడో నాకూ తెలియలేదు. "దారం మాత్రం కొరక్కండి. ఊడొస్తుంది" అని రెండు సార్లు చెప్పారు. వదిన రెండు సార్లూ తలూపింది.

సోమవారం సెలవు పెట్టి తోడు వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. మొదట ఆవిడ చేతిలో గుడ్డని మడతపెడుతూ విప్పుతూ నిలబడింది. సూదిలో దారం ఎక్కించాక కుదురుకుంది. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎంత ఎడం ఉండాలో, మూల తిరిగేటప్పుడు దారం ఎందుకు వదులు చెయ్యాలో చెబుతూ, ముప్ఫై మందినీ బల్ల చుట్టూ నిలబెట్టేసింది. కాజా పూర్తయింది. ముడి వేసింది. దారం నోటి దగ్గరికి తీసుకెళ్ళింది.

ఆపుదామని నేను లేచేలోపే పుటుక్కుమంది.

వదిన నోట్లోంచి ముక్క తీసి అరచేతిలో పెట్టుకుంది. ఇంక ఈ మనిషి ఇంట్లోంచి బయటికి రాదనుకున్నాను. ముందున్న ఒకావిడ, "ఏమైందండీ?" అంది.

వదిన అరచేతిలోకి చూసింది. తల తిప్పి బల్ల మీద చేతికందేంత దూరంలో ఉన్న కత్తెర వైపు చూసింది. ఒక్కసారిగా నవ్వేసింది. మామూలు నవ్వు కాదు, భుజాలు ఊగిపోయే నవ్వు. ముక్క పడిపోతుందని కుడి చెయ్యి గుప్పిట బిగించి ఉంది, ఎడమ చేతిలో గుడ్డ ఉంది. అడ్డం పెట్టుకోడానికి చెయ్యి లేదు. పెట్టుకోవాలని గుర్తొచ్చినట్టు కూడా లేదు.

"ఇది నాలుగు రోజుల కిందటే కట్టించుకున్న పన్ను" అంది, విరిగిన మూల అందరికీ కనిపించేలా మొహం ఎత్తి. "నేను చేసినవన్నీ నేర్చుకోండి, ఈ ఆఖరిది తప్ప. కత్తెర ఉన్నది ఎందుకు?"

కిటికీ పక్కన నిలబడ్డ పెద్దావిడ మెల్లగా పెదవి పైకెత్తి చూపించింది. "నాదీ ఇంతే అయిందండీ. దీన్ని బాగుచేస్తారా?" అనడిగింది. వదిన ఆవిడ దగ్గరికెళ్ళి ఆ పంటి గాడిని పరీక్షగా చూసి, "చేస్తారు. మా ఆడపడుచు అక్కడే పనిచేస్తుంది" అని నన్ను చూపించింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

మేడం బుధవారం నుంచి రమ్మంది. సాయంత్రం మళ్ళీ క్లినిక్కి వెళ్ళాం. వదిన మెళ్ళో తాడుకి చిన్న కత్తెర వేలాడుతోంది, దారిలో కొనిపించాను. డాక్టరు గారు నోరు తెరవమని చూసి నిట్టూర్చారు.

"మళ్ళీ కొరికారా అమ్మా?"

"క్లాసులో చూపించడానికి కొరికానండీ" అంది వదిన తడుముకోకుండా.

పచ్చి అబద్ధం. నేను రిజిస్టరులో తల దూర్చి పేరు రాసుకుంటూ కూర్చున్నాను.