తడిపి చూసిన బ్యాంకు

కొత్త నూలు గుడ్డను బకెట్లో ముంచగానే వచ్చే గంజి వాసన ఈ ఉదయం నా షాపంతా నిండింది. ఆ వాసనతోపాటు రూతక్క కూడా మనసులోకి వచ్చేసింది! శ్రీరాంపూర్‌లో ఆమె నడిపిన టైలరింగ్ షాపులోనే నేను పని నేర్చుకున్నాను. ఎంత ఖరీదైన గుడ్డయినా సరే, తడిపి, ఆరేసి, ఎంత పొట్టిదయిందో కొలిచాకే కత్తెర పట్టనిచ్చేది. తొందరపడ్డానో, టేపుతో చేతి మీద ఒక్కటి పడేది.

అప్పట్లో నాకు ఒకటే పిచ్చి: సొంతంగా మోటారు మిషను కొనాలి. వచ్చిన కూలి వచ్చినట్టే బ్యాంకులో వేసేదాన్ని. ఫోన్ టింగుమన్నప్పుడల్లా ఏదో జమ అయిందని మురిసిపోయేదాన్ని. ఆ ఇంగ్లీషు మెసేజ్‌లు చదివే ఓపిక ఎవరికుంది? ఒకరోజు అక్క చదివింది.

“ఏందే పిల్లా, గివి పడ్డ పైసలు గావు, కోసిన పైసలు! ఖాతాల తక్కువున్నయని కోసిండ్రు, కార్డుకని కోసిండ్రు, ఆఖరికి గీ మెసేజ్‌లకు గూడ కోసిండ్రు!”

ఏడుపు తన్నుకొచ్చింది. ఇక మిషను కొన్నట్టే అనుకున్నాను. అక్క మాత్రం కొంగు బిగించింది. “ఏడ్వకు. ఫోన్లనే ఖాతా తెరిచే బ్యాంకులున్నయట, ఏం కొయ్యరట. చూద్దాం పా.”

అబ్బ, ఆ మధ్యాహ్నం సందడి చూడాలి! స్పీకర్ పెట్టి ఒక్కో బ్యాంకుకు ఫోన్ చేసి, అవతలివాళ్లను ఊపిరి తీసుకోనివ్వలేదు. “ఖాతాల రూపాయి లేకున్నా కొయ్యరా? కార్డు మొదటేడు ఫ్రీ అంటివి, మరి రెండో ఏడు?” అక్కడికొచ్చేసరికి చాలామంది నసిగేవారు. జవాబులన్నీ కటింగ్ బల్ల మీద సుద్దతో రాసింది. చివరికి మూడు బ్యాంకులు మిగిలాయి. ఒకదాంట్లో నా డబ్బంతా వేసేయబోతే చెయ్యి పట్టుకుంది.

“జర ఆగు. తడపకుండనే కత్తెర పెడ్తవా?”

మూడు నెలలు ఆపింది. ఎవరినో అడిగి కనుక్కుంటోందనుకుని, వారం వారం ఆమె ప్రాణం తీశాను. ఒక పొద్దున గుమ్మంలోంచే కేక వేసింది: “లతా! గీ బ్యాంకు పొట్టిగ గాలేదే! మీదికెళ్లి వడ్డీ గూడ ఏసిండ్రు!” ఇద్దరం చేతులు పట్టుకుని గంతులేశాం. ఎవరి ఖాతాలో చూసి చెప్పిందో అడగాలని కూడా నాకు తట్టలేదు. జాకెట్ల కోసం వచ్చినవాళ్లు మాకేదో అయిందనుకున్నారు. డబ్బంతా ఆ బ్యాంకులోకి మార్చాను. ఏడాది తిరిగేసరికి మిషను ఇంటికొచ్చింది.

తర్వాత కొన్నేళ్లకు ఆమె షాపు మూసి, ఆసిఫాబాద్‌లోని కూతురి దగ్గరికి బయలుదేరింది. కొత్త ఫోన్‌లోకి నంబర్లు ఎక్కించమని పాతది నా చేతికిచ్చింది. అందులో ఆ మూడు బ్యాంకుల మెసేజ్‌లూ ఉన్నాయి. మూడింట్లోనూ తన డబ్బే వేసి చూసింది. రెండింట్లో దాదాపు అంతా కోసేశారు.

“చెప్పలేదేం అక్కా?” అన్నాను.

“చెప్తే తిరిగిస్తనని నా పానం తీద్దువు. నీ మిషను పైసలు తడుపుదునా?” అంది, బ్యాగు సర్దుకుంటూ.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయిలు ఏ బ్యాంకు మంచిదని అడుగుతారు. మూడు నెలలు ఆగమంటాను. ఆ రోజే నా డబ్బుతో ఒక ఖాతా తెరుస్తాను. ఎందుకు ఆగాలో మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.